మంత్రాల గ్యాంగును గీసిన పిల్ల

నా పెద్దకూతురు పోయింది. కలకత్తా ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్నాం. గుండెలో కవాటం దానికి చిన్నప్పుడే పాడైంది. ఆపరేషనుకి ఒళ్ళు తట్టుకోదన్నారు. మందులతో నెట్టుకొచ్చాం, ఇంక నెట్టలేకపోయాం. జబ్బు సంగతి ముందే ఎందుకు రాస్తున్నానంటే, పిల్లని వాకిట్లో చాప మీద పడుకోబెట్టినప్పుడు వెనక నిలబడ్డ ఆడవాళ్ళలో ఒకావిడ గొంతు తగ్గించి ఇలా అంది.

"పక్కింటి ముసిల్ది ఒచ్చినాదేటి? దగ్గరికి రానీకండి."

ఆ మాట వినగానే నాకు ఏడుపు ఆగిపోయింది. బిడ్డ పోయిందన్న బాధ ఇంకా నాకు పూర్తిగా అందనే లేదు, దానికంటే ముందు భయం వచ్చింది.

మన ఊరి తెలుగువాళ్ళ సంచికలో పోయినవాళ్ళ గురించి వేస్తారు కదా, నాలుగు మాటలు రాసివ్వమని బడి మాస్టారు అడిగారు. నాలుగు మాటల్లో అవదు. నా పిల్ల ఎలాంటిదో, అది గీసిన బొమ్మల్లో ఏముందో మీకు తెలియాలి. తెలిస్తే ఆ ముసలావిడ జోలికి మీరెవరూ పోరు. అందుకోసమే కూర్చున్నాను రాయడానికి.

అది పుట్టింది ఖరగ్‌పూర్‌లోనే, ఈ రైల్వే క్వార్టర్లోనే. చిన్నప్పుడు గొంతు నొప్పి వచ్చి తగ్గింది. తర్వాత మోకాళ్ళు వాచాయి, జ్వరం పట్టుకుంది. జ్వరమే కదా అనుకున్నాం. ఊళ్ళోనే ఇందా పేటలో ఒక బెంగాలీ డాక్టరు దాని గుండె మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. ఆయన వింటున్నంతసేపూ నేను ఆయన ముఖమే చూశాను. ఆ ముఖం చూసిన నాటి నుంచి నేను భయంతోనే కాపురం చేశాను. పిల్ల నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. గాలి తగిలితే నాకు ఊపిరి వచ్చేది.

ఒక్కోసారి అది నిద్రపోయేది కాదు. కళ్ళు మూసుకునే, "ఉన్నానే అమ్మా, ఎల్లి అన్నం వండు," అనేది.

నాలుగడుగులు గబగబా నడిస్తే ఆయాసం. ఆగిపోయి, నడుం మీద చేతులు పెట్టుకుని, "ఉండమ్మా, ఊపిరి తెచ్చుకోనీ," అనేది. ఊపిరేదో సందు చివర కొట్లో అమ్ముతున్నట్టు! అలా అన్నప్పుడల్లా నాకు నవ్వూ వచ్చేది, భయమూ వేసేది.

బడికి పోలేని రోజులు ఎక్కువయ్యాయి. వాళ్ళ నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. పిల్లకి తోచదని గోల్ బజార్లో పాత పుస్తకాల కుప్పలోంచి బొమ్మల కథలు తెచ్చేవారు. హిందీవో, బెంగాలీవో, ఏది చేతికి దొరికితే అది. ఒకసారి ఇంగ్లీషుది తెచ్చారు. దానికి అట్ట లేదు, మొదటి పేజీలు లేవు, చివరివీ లేవు. పుస్తకం పేరేమిటో ఇప్పటికీ మాకు తెలియదు. లోపల పొడుగు అంగీలు వేసుకున్న మనుషులు, వేళ్ళ చివర మంటలు, చీకటి గుహలు. చూడగానే నాకు నచ్చలేదు.

"ఏటే ఇది, దెయ్యాల పుస్తకం తెచ్చినారా మీ నాన్న?"

"దెయ్యాలు కాదమ్మా. లోకాన్ని కాపాడేవోల్లు. అందరికీ మంత్రాలొచ్చు. కానీ ఒకల్లంటే ఒకల్లకి పడదు. ఒకడికి ముక్కు మీద కోపం. ఒకర్తికి ఎప్పుడూ దిగులు. ఇంకొకడు ఎవుడ్నీ నమ్మడు. రాచ్చసుడు ఒచ్చే టయానికి ఈల్లలో ఈల్లే కొట్టుకుంటా ఉంతారు."

"అచ్చం మా యూనియన్ లాగే ఉన్నాది," అన్నారు మా ఆయన భోజనం దగ్గర.

"మరి లోకం ఏటైనాది?" అని నేనడిగాను. నాకు అదే కావాలి.

"అదే కదా తెలీదు. చివర పేజీలు నేవు!"

చివర పేజీలు లేవని ఊరుకునే పిల్ల కాదు. వర్క్‌షాపులో పారేసే కాగితాలు వాళ్ళ నాన్న తెస్తే, వాటి తెల్లవైపు తనే గీయడం మొదలుపెట్టింది. ఇంగ్లీషు కథలోని వాళ్ళెవరూ అందులో లేరు. అందరినీ కొత్తగా పుట్టించింది. దానికి మంత్రాల గ్యాంగు అని పేరు పెట్టింది. మన రైల్వేవాళ్ళకి గ్యాంగంటే పట్టాలు బాగుచేసే జట్టే కదా, దాని గ్యాంగు కూడా ట్రాలీ మీద పట్టాల వెంటే తిరిగేది. ఎక్కడ ఆపద ఉంటే అక్కడ దిగి, ముందు ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుని, ఆ తర్వాత పనిలోకి వెళ్ళేవాళ్ళు.

గ్యాంగుకి పెద్ద ఒక మేటు. మంత్రం వేసి ఎంత పెద్ద రైలునైనా ఆపేస్తాడు, తన కోపాన్ని మాత్రం ఆపుకోలేడు. ఒకడు మాయమైపోగలడు, కానీ చెప్పులు మాయమవవు. పని చెప్పగానే మాయమైపోయి చెప్పులతో దొరికిపోతాడు. అతని ముఖం అచ్చం తనదేనని చూసి మా ఆయన వారం రోజులు కూతురితో అలిగినట్టు నటించారు. ఒక పిల్ల ఎగరగలదు. అయితే ఆయాసం, అందుకని ప్రతి సిగ్నల్ స్తంభం మీదా కూర్చుని ఊపిరి తెచ్చుకోవాలి. ఆ పిల్ల ఎవరో నేను అడగలేదు.

తలమీద కొంగు వేసుకుని, కళ్ళు ఇంతింత చేసుకుని ఉండే ఒకావిడని చూపించి, "ఇది నువ్వే," అంది.

"నాకేటి మంత్రం వచ్చు?"

"భయం. నువ్వు ఎవల కోసం భయపడితే ఆల్లకి ఏటీ అవదు. అదే నీ మంత్రం."

నేను దాని చేతిలో కాగితం లాక్కుని బోర్లించాను. అలాంటి మాటలు పైకి అనకూడదని తిట్టాను. అది నవ్వింది, నవ్వితే దగ్గు వచ్చింది. నేను వీపు రాస్తూ కూర్చున్నాను.

ఇంక మిగిలింది మామ్మ. పక్క క్వార్టర్లో ఉండే ముసలావిడనే నా కూతురు మామ్మ అని పిలిచేది. భర్త ఎప్పుడో పోయాడు. కొడుకు గార్డు, నెలలో సగం రోజులు బండి మీదే ఉంటాడు. నా పిల్లకి జ్వరం వచ్చినప్పుడల్లా ఆవిడ ఉప్పూ మిరపకాయలూ తెచ్చి దిష్టి తీసేది. నుదుటి మీద చెయ్యి వేసి, "దీని జొరం నాకు రానీ, నాకేటి పని ఉన్నాది, మంచం మీద పడుంతాను," అనేది. నా కూతురు ఆ మాటనే పట్టుకుంది. దాని కథలో ముసలావిడ నోరు తెరిచి పిల్లల జ్వరాలు మింగేస్తుంది. పిల్లలు లేచి ఆడుకుంటారు, ఆవిడ దుప్పటి కప్పుకుని వణుకుతూ పడుకుంటుంది. అంతవరకు బాగానే ఉంది. కానీ ఆవిడకి అది పెట్టిన పేరు చిల్లంగి మామ్మ.

ఆ పేరు చదివి నా చేతులు ఆడలేదు. నేను పుట్టింది శ్రీకాకుళం దగ్గర పల్లెలో. అక్కడ చిల్లంగి అంటే చేతబడి. ఒక మనిషి మీద ఆ మాట పడిందంటే ఇంక వాడికి ఊళ్ళో నీళ్ళు పుట్టవు. నా చిన్నతనంలో మా వీధిలోనే ఒక ముసలాయన్ని చిల్లంగివాడని పట్టుకున్నారు. మళ్ళీ మంత్రం పలకలేకుండా పళ్ళు ఊడబెరికారు. ఆయన అరుపు నేను విన్నాను. నా కూతురు ఇక్కడ పుట్టిన పిల్ల. వాళ్ళ నాయనమ్మ కథల్లో ఎక్కడో ఆ మాట విని, మంత్రానికి అదొక ముద్దుపేరు అనుకుంది.

"ఆ పేరు కొట్టెయ్యి," అన్నాను.

"ఎందుకు? ఎంత బాగున్నాది, గంట మోగినట్టు!"

ఎందుకో చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆ మాట ఇంట్లో పలకడానికి కూడా భయమే.

ఆ ఎండాకాలం మా క్వార్టర్ల లైన్లో పిల్లలకి కామెర్లు వచ్చాయి. మూల క్వార్టరు పెద్దాయన మనవడికి కూడా వచ్చింది, ఇంకా పాలు తాగే పిల్లవాడు. నా కూతురు గీసిన కాగితాలు లైన్లో పిల్లలందరూ చేతులు మార్చుకుని చదివేవాళ్ళు. ఆ బాబు అక్క, చిన్నది, అందులో ఒక కాగితాన్ని అడ్డంగా సగానికి చింపింది. పై సగం తమ్ముడి ఉయ్యాల గుడ్డలో పెట్టింది, కింది సగం కామెర్లు వచ్చిన ఇంకో స్నేహితురాలికి ఇచ్చింది. మామ్మ వచ్చి జ్వరం తినేస్తుందని దాని నమ్మకం.

పై సగంలో పసుపు రంగు వేసిన పసివాడు పడుకుని ఉన్నాడు. వాడి మీదకి ముసలమ్మ వంగి నోరు ఇంత తెరిచి ఉంది. పైన పెద్ద అక్షరాలు, చిల్లంగి మామ్మ. పిల్లవాడు నవ్వే బొమ్మ, ముసలమ్మ వణికే బొమ్మ కింది సగంలో పోయాయి.

ఆదివారం పొద్దున్న కుళాయి దగ్గర ఆడా మగా అందరూ ఉన్నారు. మూల క్వార్టరు పెద్దాయన ఆ కాగితం ఎత్తి పట్టుకుని వచ్చాడు. మా పలాస పక్క మనిషే. పెద్ద మీసం, అంతకన్నా పెద్ద గొంతు.

"తెలుగొచ్చినోల్లు సదవండి! నా మనవడి ఉయ్యాల్లో దొరికినాది! సదవండి!"

"ఓలమ్మో, ముసిల్ది పిల్లడ్ని తింతన్నాది!"

"దిష్టి తీత్తాను దిష్టి తీత్తానని ఇంటింటికీ తిరిగినప్పుడే అనుకున్నాను."

"పల్లు ఊడబెరికితే సరి. మంత్రం పలకదు."

ఎవరన్నారో కానీ ఆ మాట వినగానే నేను మళ్ళీ మా పల్లెలో నిలబడ్డాను. మామ్మ బిందెతో అక్కడే ఉంది. ఆవిడకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక బిందె కింద పెట్టి, "నా నోట్లో పల్లెక్కడున్నాయిరా నాయినా? రెండున్నాయి. కావాలంటే పట్టుకెల్లు," అంది. ఎవరూ నవ్వలేదు. మగవాళ్ళు ఇద్దరు ముందుకి జరిగారు.

నేను కూతురి చెయ్యి పట్టుకుని లోపలికి లాగాను. అది గీసిందని తెలిస్తే దాన్నేం చేస్తారో! అది నా చెయ్యి విడిపించుకుంది. తలుపు పట్టుకుని కాసేపు నిలబడి ఊపిరి కూడదీసుకుంది. కుంపటి పక్కన ఉన్న బొగ్గుముక్క తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్ళింది. మాట్లాడితే ఆయాసం కదా, ఎవరితోనూ మాట్లాడలేదు. సిమెంటు గచ్చు మీద కూర్చుని గీయడం మొదలుపెట్టింది. ఉయ్యాల్లో బాబు నవ్వుతున్నాడు. పక్కన మామ్మ దుప్పటి కప్పుకుని వణుకుతోంది. నేను దాని వెనకే నిలబడ్డాను. దాని మెడ దగ్గర నరం ఎలా కొట్టుకుంటోందో చూస్తున్నాను. వాళ్ళందరికంటే నాకు ఆ నరమే ఎక్కువ భయం.

మలంచా నుంచి మరమరాలు అమ్మడానికి వచ్చే బెంగాలీ దీదీ ఒకావిడ ఉండేది. ఆవిడ బుట్ట దింపి, మూల క్వార్టరాయన చేతిలో కాగితం చూసింది, గచ్చు మీద బొమ్మ చూసింది. తెలుగు ముక్క చదవడం రాదు ఆవిడకి. చిల్లంగి అన్న అక్షరాలు ఆవిడకి ఉట్టి గీతలే. ఉన్నవి బొమ్మలే.

"ఓమా! మాషీ తో జ్వర్ ఖేయే నిచ్చే!" అంది నవ్వుతూ.

పిన్నమ్మ జ్వరం తినేస్తోందే, అని. బెంగాలీ రానివాళ్ళు మాలో ఎవరున్నారు! అందరికీ అర్థమైంది. అయినా ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. తెలుగు చదివినవాళ్ళకి కనిపించనిది చదవలేని ఆవిడకి కనిపించింది.

నా కూతురు అప్పుడు తలెత్తింది. "మావయ్యా... మీకు దొరికినాది... పై సగం. ఇది కింది సగం. గీసినాది నేనే." అని ఇంకో బొమ్మ గీసింది. బాబుని ఎత్తుకుని ఒక మనిషి పరిగెడుతున్నాడు.

"ఈడెవుడు?" అన్నాడు పెద్దాయన, గొంతు ఇంకా దిగలేదు.

"మా గ్యాంగు మేటు. రైలుని ఆపుతాడు, కోపాన్ని ఆపలేడు."

"మీసం సూడండిరా!" అన్నారెవరో వెనక నుంచి. "ఆ మీసం ఈ లైన్లో ఒక్కడికే ఉన్నాది!"

ముందు ఆడవాళ్ళు నవ్వారు. పెద్దాయన మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. "అంతుంటాదేటే నా మీసం?"

"తగ్గించే గీసినాను మావయ్యా. బాబుని... ఆస్పత్రికి తీసుకెల్లండి. దిష్టికీ కాగితాలకీ కామెర్లు తగ్గవు."

రిక్షా పిలిచారు. రైల్వే ఆస్పత్రిలో మందులిచ్చారు, బాబు బతికాడు. ఇప్పుడు వాడు బడికి పోతున్నాడు.

నా కూతురు మాత్రం ఆ రోజు ఇంట్లోకి వచ్చి పడుకుని చాన్నాళ్ళు మంచం దిగలేదు. మామ్మ వచ్చి తల దగ్గర కూర్చునేది. అప్పుడు ఒకరోజు పిల్లకి చెప్పాను, మా పల్లె సంగతి, పళ్ళ సంగతి. ఇంక ఆ పేరు కొట్టేస్తుందనుకున్నాను.

"నాన్న పాడైన చక్రాలు ఏటి చేత్తారమ్మా?" అంది.

"నాకేటి తెలుసు. లేతు మిషను మీద పెట్టి చెక్కుతారంట."

"పారేయరు కదా. ఈ మాట మీ ఊర్లో పాడైపోనాది. నేను చెక్కుతాను."

చెక్కింది కూడా. ఆ తర్వాత ఎన్ని కథలు గీసిందో! లైన్లో పిల్లలకి చిల్లంగి అంటే జ్వరం తినే మామ్మ. జ్వరం వస్తే వాళ్ళే ఆవిడ గుమ్మం ముందుకెళ్ళి, "చిల్లంగి మామ్మా, మా ఇంటికి రా," అని కేకేసేవాళ్ళు. ఆవిడ తిడుతూ చెప్పులు వెతుక్కునేది. వాళ్ళ అమ్మలు కూడా అలవాటుపడ్డారు. నేను పడలేదు. ఆ కేక వినపడినప్పుడల్లా చేతిలో పని ఆపేసి వాకిట్లోకి వచ్చేదాన్ని, పెద్దవాళ్ళెవరైనా వింటున్నారేమోనని.

నా భయం ఊరికే పోలేదు. పిల్ల పోయింది, మాట మళ్ళీ పాడైంది. "బొమ్మ గీయించుకున్నప్పుడే పట్టినాది," అంటున్నారు. "అందరి జొరాలూ తిన్నాది, ఆకరికి గీసిన గుంటపిల్లనే తినేసినాది," అంటున్నారు. మూల క్వార్టరు పెద్దాయన అనడం లేదు. కానీ వద్దనీ అనడం లేదు. మామ్మ కొడుకుని డ్యూటీ నుంచి వస్తుంటే ఆపి, అమ్మని ఊరికి పంపెయ్యమన్నారట. దినాలు అయిపోయినా మామ్మ మా గుమ్మం తొక్కలేదు. కుళాయి దగ్గరికీ రావడం లేదు.

మా ఆయన, "మనకెందుకు, ఇంకో పిల్ల ఉన్నాది మనకి," అన్నారు. ఆయన భయమూ నాకు తెలుసు. నాకు మాత్రం లేదా? చిన్నమ్మాయి తుమ్మితే లేచి కూర్చుంటున్నాను. నా పుట్టిన ఊరు నాలోంచి పోలేదు. ఒక్కోసారి పనిలో ఉండగా, ఒకవేళ నిజమేనేమో అన్న మాట నా చెవిలోనే వినపడుతుంది. గబుక్కున నీళ్ళ శబ్దమో గిన్నెల శబ్దమో చేసి దాన్ని పోగొట్టుకుంటాను.

మొన్న వెళ్ళాను పక్క తలుపు దగ్గరికి. మామ్మ తలుపు వారగా తీసింది.

"ఎందుకొచ్చినావు? ఎల్లిపో. నీ సిన్నదానికి ఏటైనా ఐతే నా పేరే సెప్తారు."

"బయటకి రా మామ్మా."

"రాను. ఏటే ఆ తల? బిడ్డ పోయిన కాడి నుంచి దువ్వెన పెట్టినావా?"

పెట్టలేదు. జుట్టు అట్టలు కట్టింది. ఆవిడ ఆ మాట అనగానే నాకు ఏం చెయ్యాలో తోచింది. మా వైపు ఆడవాళ్ళు రాలిన వెంట్రుకని పరాయి చేతికి చిక్కనివ్వరు. ఉమ్మేసి, చుట్టి, ఎవరూ చూడని చోట పారేస్తారు. చిల్లంగికి ఒక్క వెంట్రుక చాలంటారు.

ఇంట్లోంచి దువ్వెనా నూనెగిన్నే తెచ్చాను. మామ్మ గుమ్మం మెట్టు మీద, వీధి వైపు తిరిగి కూర్చున్నాను. నీళ్ళు వచ్చే వేళ. కుళాయి దగ్గర అందరూ ఉన్నారు.

"దువ్వు మామ్మా."

"నీకు మతి పోనాదేటే! అందరూ సూత్తన్నారు."

"అందుకే."

ఆవిడ చాలాసేపు నా వెనక నిలబడింది. తర్వాత కూర్చుంది. వేళ్ళు నా తలలోకి వచ్చాయి. చిక్కు తీస్తుంటే నొప్పి పుట్టింది. అబద్ధమెందుకు, లేచి పారిపోవాలనిపించింది. మోకాళ్ళు చేతులతో గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. కుళాయి దగ్గర మాటలు ఆగిపోయాయి. ఎవరిదో బిందె నిండి పొర్లిపోతోంది, తీసేవాళ్ళు లేరు.

దువ్వడం అయ్యాక రాలిన జుట్టంతా ఉండ చుట్టి నా చేతిలో పెట్టబోయింది.

"నీ దగ్గరే ఉండనీ," అన్నాను, కుళాయి దాకా వినపడేలాగ.

మామ్మ ఆ ఉండని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. ఎక్కడ పెట్టాలో తెలియక, చివరికి తన చీర కొంగు అంచున పెట్టి ముడి వేయబోయింది. ముడి జారిపోయింది. మళ్ళీ వేసింది. పొర్లిన నీళ్ళు గచ్చు దిగి, వీధి దాటి, మెల్లగా మా ఇద్దరి పాదాల దగ్గరికి వస్తున్నాయి.